వకీలు రోజు ఎవరి చేతిలో ఉంది?

సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఫ్యాక్టరీ కార్మికుడి చేత వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. రోజుకు తొమ్మిది గంటలు, వారానికో సెలవు, అంతకు మించితే రెట్టింపు కూలి. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలోకి వచ్చిన కార్మిక కోడ్ కూడా 48 గంటల హద్దును చెరపలేదు. కాగితం మీద ఎంత, షెడ్డులో ఎంత అన్నది పటాన్‌చెరులో అందరికీ తెలిసిన సంగతే. అయినా హద్దంటూ ఒకటి ఉంది, అది దాటితే అడగడానికి ఒక చోటుంది. ఆ కార్మికుడి ఓవర్‌టైం కోసం వాదించే వకీలుకు మాత్రం ఏ హద్దూ లేదు. 1961 నాటి న్యాయవాదుల చట్టం అతని అర్హత చెబుతుంది, తప్పు చేస్తే పడే శిక్ష చెబుతుంది. ఎన్ని గంటలు పనిచేయాలో, జబ్బు పడితే ఎవరు చూడాలో, కాన్పుకు వెళితే కేసులు ఎవరు నడపాలో చెప్పదు. స్వతంత్ర వృత్తి కదా, తన గంటలకు తనే యజమాని అన్న ఊహ దాని వెనక ఉంది. వృత్తిలో పేరు, ఇంట్లో మనుషులు, ఒంట్లో ఆరోగ్యం మూడూ ఒక వకీలు జీవితంలో కలిసి నిలవాలంటే ఏం కావాలన్న ప్రశ్నకు మామూలుగా వచ్చే జవాబు కూడా ఆ ఊహ మీదే నిలబడింది: పొద్దున్నే లేవండి, యోగా చేయండి, ఆదివారం ఫోన్ పక్కన పెట్టండి. సంగారెడ్డి జిల్లాలో వకాలత్ నడిచే తీరు చూస్తే ఆ సలహా ఎక్కడ తేలిపోతుందో తెలుస్తుంది. ఇక్కడి వకీలును అరగదీసేది పని గంటల లెక్క కన్నా, ఆ గంటలు తన చేతిలో లేకపోవడం.

ముందు పని ఎలా పుడుతుందో చూడాలి. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలయ్యాక రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ మొదలుకొని బొల్లారం, జిన్నారం, గడ్డపోతారం, పాశమైలారం దాకా మందులు, రసాయనాలు, ఇనుము పరిశ్రమలు పరుచుకున్నాయి. వాటి వెంటే తగాదాలూ పరుచుకున్నాయి. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీ గుద్దితే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. చిన్న పరిశ్రమ యజమాని ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే 138వ సెక్షన్ కింద కేసు. మిషన్‌లో చెయ్యి పోతే, ఈఎస్‌ఐ ఉన్నవాడికి ఒక దారి, లేనివాడికి కార్మిక శాఖ కమిషనర్ దగ్గర ఇంకో దారి. ఔటర్ రింగు రోడ్డు వచ్చి భూముల ధరలు ఆకాశానికి ఎగశాక అన్నదమ్ముల పంపకాల దావాలకు లోటే లేదు. ఇన్ని రకాల పని ఒకే ఆఫీసు గుమ్మం తొక్కుతుంది, ఎందుకంటే జిల్లా స్థాయి వకీలు ఏదో ఒక రకం కేసులే చేస్తానని కూర్చుంటే పూట గడవదు. జిల్లా కోర్టు సంగారెడ్డిలో ఉంది, కింది కోర్టులు జహీరాబాద్, నారాయణఖేడ్ వంటి చోట్ల ఉన్నాయి. లేబర్ కోర్టుకు వెళ్లాలంటే హైదరాబాద్, హైకోర్టుకూ హైదరాబాదే. కాలుష్యం కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళితే చెన్నై. కక్షిదారు ఒక్కడే, కోర్టులు నాలుగు దిక్కులు.

ఓ మామూలు వకీలు డైరీ తెరిస్తే ప్రతి పేజీలోనూ అవే గడులు: కిందటి తేదీ, కేసు నంబరు, పక్షాల పేర్లు, దశ, తరువాతి తేదీ. చివరి గడి ఖాళీగా ఉంటుంది, సాయంత్రానికి నింపాలి. పదిన్నరకు పిలుపు మొదలవుతుంది. ఒక కోర్టులో సాక్షి విచారణ, అదే సమయానికి పక్క కోర్టులో బెయిల్ వాదన, ఇంకో కోర్టులో క్లయింట్ రాలేదని అబ్సెంట్ పిటిషన్. ఒక చోట జూనియర్‌ను నిలబెట్టి పాస్ ఓవర్ అడగాలి, ఇంకో చోటికి మెట్లెక్కి పరుగెత్తాలి. రాత్రి పదకొండు దాకా కూర్చుని వకీలు క్రాస్ ఎగ్జామినేషన్‌కు తయారైతే, ఆ సాక్షి ఆ రోజు రాడు. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి కాంట్రాక్టు కింద పనిచేసిన మనిషి, కాంట్రాక్టు అయిపోగానే ఊరెళ్లిపోయి ఉంటాడు. వాయిదా. ఆ తయారీ అంతా మళ్లీ మూడు నెలల తర్వాత కొత్తగా చేయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ ప్రకారం విచారణ దశలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. కొత్త నాగరిక్ సురక్షా సంహిత రెండింటికే కట్టడి చేసింది. ఆ అంకెలు నమ్ముకుని ఇంట్లో పెళ్లికి తేదీ పెట్టుకునే వకీలు మాత్రం ఎక్కడా కనిపించడు. డైరీలో చివరి గడి నింపే కలం వకీలుదే, తేదీ మాత్రం అతనిది కాదు. జడ్జి సెలవు, ఎదుటి వకీలు గైర్హాజరు, సమన్లు అందకపోవడం, స్టేషన్ నుంచి కేసు డైరీ రాకపోవడం, వీటిలో ఏదైనా ఆ తేదీని మార్చగలదు.

సాయంత్రానికి ఇంకో యజమాని వస్తాడు. షిఫ్టు కార్మికుడు పగలు వకీలును కలవాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. అందుకే జనరల్ షిఫ్టు దిగి ఏడు దాటాక వస్తాడు, లేకపోతే ఆదివారం వస్తాడు. కార్మికుడి వారాంతపు సెలవు వకీలుకు పనిరోజు అవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఆ మనిషికి వేరే వేళ లేదు. ఫోన్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రిమాండ్ రాత్రే జరుగుతుంది, స్టేషన్ నుంచి పిలుపు రాత్రే వస్తుంది. 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో న్యాయవాదులు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రారని చెప్పింది. ఆ తీర్పుకు కోర్టు చూపిన కారణాల్లో ఒకటి ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది: వకీలు తన పని చేసే తీరు మీద కక్షిదారుకు చాలా మేరకు నేరుగా అదుపు ఉంటుంది. వృత్తికి రక్షణగా వచ్చిన ఆ మాటే, స్వతంత్ర వృత్తి అన్న ఊహ ఎంత బోలుదో బయటపెడుతుంది. పగలు కోర్టు అదుపు, రాత్రి కక్షిదారు అదుపు.

ఇప్పుడు ఆరోగ్యం సంగతి. రోజంతా పని ఉన్నంత మాత్రాన మనిషి విరిగిపోడు. పొలం పనిలో, కొలిమి ముందు జీవితమంతా గడిపినవాళ్లున్నారు. విరగ్గొట్టేది ఏమిటో చెప్పే పరిశోధన అమెరికాలో జరిగింది. 2016లో అచ్చయిన ఒక సర్వేలో 12,825 మంది న్యాయవాదులను అడిగితే, 20.6 శాతం మందిలో తాగుడు సమస్యగా మారిందని, 28 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలున్నాయని తేలింది. వృత్తిలోకి వచ్చిన మొదటి పదేళ్లలో ఉన్నవారిలోనే తాగుడు సమస్య ఎక్కువ. అంతకు ముందు ఏడాది పరిశోధకులు లారెన్స్ క్రీగర్, కెన్నన్ షెల్డన్ ఆరు వేల మందికి పైగా న్యాయవాదులను పరిశీలించి ఇంకో ప్రశ్న వేశారు: సంతోషంగా ఉన్నవాళ్లు ఎందుకు సంతోషంగా ఉన్నారు? జీతం, కాలేజీ ర్యాంకు, పెద్ద సంస్థలో భాగస్వామ్యం, వీటికి సంతోషంతో ఉన్న బంధం బలహీనం. పనిమీద తన స్వేచ్ఛ తనకుందన్న భావన, మనుషులతో దగ్గరితనం, పని తనకు వచ్చునన్న నమ్మకం, ఈ మూడింటి బంధం గట్టిది. ప్రజాసేవ ఉద్యోగాల్లో తక్కువ జీతానికి పనిచేసేవారు పెద్ద సంస్థల్లో ఎక్కువ జీతం తీసుకునేవారి కన్నా సంతోషంగా ఉన్నారు, తక్కువ తాగుతున్నారు కూడా. అంతర్జాతీయ బార్ అసోసియేషన్ 2021లో వెలువరించిన సర్వే ఇలాంటి చిత్రాన్నే చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం మీద సగటు న్యాయవాదికి 51 వచ్చింది, ఆందోళన పడాల్సిన గీత 52.

అమెరికా వకీలు ఏసీ గదిలో గంటల లెక్కన బిల్లు వేస్తాడు, వాళ్ల కథ మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. అక్కడి వకీలుకు పని ఎక్కువై ఇబ్బంది, ఇక్కడి జూనియర్‌కు చాలాసార్లు పని లేక ఇబ్బంది. తేడా పెద్దదే. కానీ ఆ పరిశోధన చూపిన ముఖ్య కారణాల్లో ఒకటి, అంటే తన రోజు మీద తనకు అదుపు లేకపోవడం, సంగారెడ్డికి వచ్చేసరికి తగ్గదు, పెరుగుతుంది. అక్కడ కనీసం విచారణ తేదీ చెప్పిన రోజు జరుగుతుందన్న నమ్మకం చాలా వరకు ఉంటుంది. ఇక్కడ దేశవ్యాప్తంగా జిల్లా కోర్టుల్లో నాలుగున్నర కోట్లకు పైగా కేసులు పేరుకుని ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాక క్రిమినల్ వకీలు బల్ల మీద రెండు చట్టాల పుస్తకాలూ ఉండాలి, ఎందుకంటే అంతకు ముందు జరిగిన నేరం పాత శిక్షాస్మృతి కిందే నడుస్తుంది. పని తనకు వచ్చునన్న నమ్మకం కూడా కొత్తగా సంపాదించుకోవాల్సి వచ్చింది.

అదుపు లేకపోవడానికి అసలు వేరు ఫీజులో ఉంది. ఎక్కువ కేసులు పట్టుకోవడం ఆశ కొద్దీ అనుకుంటారు. చాలాసార్లు అది లెక్క కొద్దీ. ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ముందుగా ఫీజు ఇవ్వలేదు. కాబట్టి ఖర్చు వకీలు పెట్టుకోవడం, పరిహారం వచ్చాక శాతం తీసుకోవడం అలవాటయింది. బార్ కౌన్సిల్ నియమం దాన్ని నిషేధించింది. తెలంగాణకు చెందిన ఒక వితంతువు కేసులో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా, పరిహారంలో వాటా అడగడం చట్టవిరుద్ధమని, ప్రజావిధానానికే వ్యతిరేకమని తేల్చింది. న్యాయమైన తీర్పు. దాని తర్వాత మిగిలిన ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు: కక్షిదారు దగ్గర డబ్బు లేనప్పుడు నాలుగైదేళ్లు నడిచే కేసుకు ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం ఎక్కణ్నుంచి వస్తాయి? వంద కేసులు పట్టుకుంటే ఏ నెలకా నెల ఏవో రెండు తేలుతాయన్న ధీమా ఆ ఖాళీలోనే పుడుతుంది. వంద కేసులు పట్టుకున్నవాడికి ఏ రోజూ తనది కాదు. జూనియర్ల సంగతి ఇంకా నేరుగా ఉంటుంది. నగరాల్లో నెలకు 20,000, పల్లెప్రాంతాల్లో 15,000 స్టైపెండ్ ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సిఫారసు చేసింది. సిఫారసే, ఆదేశం కాదు. ఆంధ్రప్రదేశ్ 2019లో లా నేస్తం పేరిట మొదటి మూడేళ్ల జూనియర్లకు నెలకు 5,000 ఇవ్వడం మొదలుపెట్టింది. ఎంత చిన్న మొత్తమైనా, రాని డబ్బు కోసం ప్రతి కేసునూ పట్టుకోవాల్సిన ఒత్తిడిని అది కొంత తగ్గిస్తుంది. ఆరోగ్యం మీద ఉపన్యాసాల కన్నా అది మేలు.

ఇంటి సంగతికి వస్తే, వకీలు ఇల్లు సగం ఆఫీసు. ముందు గదిలో క్లయింట్లు, లోపల చదువుకునే పిల్లలు, మధ్యలో టీలు అందించే భార్య. ఆమె పనికి ఏ ఫీజు పుస్తకంలోనూ పద్దు లేదు. మగ వకీలు సమతూకం గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ తూకంలో ఒక తక్కెడ ఎవరు మోస్తున్నారన్నది అడగాలి. ఆ తక్కెడ మోసే మనిషే వకీలైతే ఏమవుతుందో అంకెలు చెబుతాయి. దేశంలో 17 లక్షల న్యాయవాదుల్లో మహిళలు 15 శాతమే అని 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ అన్నారు. కోర్టు సముదాయాల్లో 26 శాతం చోట్ల ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్లు లేవని, ప్రాథమిక వైద్య సదుపాయం 5 శాతం చోట్లే ఉందని కూడా అదే ఏడాది ఆయనే చెప్పారు. పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా గడపడం ఆడ వకీళ్ల ‘టైం మేనేజ్‌మెంట్’లో భాగమైపోయింది. ఉద్యోగినికి చట్టం 26 వారాల ప్రసూతి సెలవు ఇస్తుంది. సొంతంగా ప్రాక్టీసు చేసే ఆమెకు యజమాని లేడు కాబట్టి ఆ చట్టమే వర్తించదు. కాన్పు తర్వాత తిరిగొచ్చేసరికి ఫైళ్లపై ‘నో అబ్జెక్షన్’ రాయించుకుని క్లయింట్లు ఇంకో ఆఫీసుకు వెళ్లిపోయి ఉంటారు.

సీనియర్ల అభ్యంతరం ఒకటుంది, బలమైనది. తొలి పదేళ్లు ఇల్లు మరచిపోనివాడు వకీలు కాలేడు, మేమంతా అలాగే వచ్చాం అంటారు. పౌరహక్కుల న్యాయవాది కె.జి.కన్నబిరాన్ ఆత్మకథ పేరే ‘24 గంటలు’. లెక్కల అధ్యాపకుడిగా ఉండి న్యాయవాదిగా మారిన బాలగోపాల్, రాష్ట్రమంతా తిరుగుతూ పేదల కేసులు వాదించి, 2009లో 57 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆయన మరణాన్ని శ్రమకు ముడిపెట్టడం అన్యాయం, అది ఎవరూ తేల్చలేరు. ఈ ఇద్దరినీ చూపించి ఎవరైనా ‘పని తగ్గించుకోండి’ అన్న సలహాను కొట్టిపారేయవచ్చు. కానీ వాళ్ల ఉదాహరణ సీనియర్ల మాటను నిలబెట్టదు. వాళ్లు 24 గంటలూ ఇచ్చింది తాము ఎంచుకున్న పనికి. క్రీగర్, షెల్డన్ చెప్పిన స్వేచ్ఛ అంటే అదే. రాత్రి పదకొండింటికి తనకు నమ్మకం లేని చెక్కు కేసు కాగితాలు తిరగేసే జూనియర్ పరిస్థితి అది కాదు. పైగా ‘మేమంతా అలాగే వచ్చాం’ అన్న వాక్యంలో ‘మేము’ అంటే వృత్తిలో నిలదొక్కుకున్నవాళ్లు. మధ్యలో వదిలేసి స్కూల్లో టీచరుగానో, రియల్ ఎస్టేట్ ఆఫీసులోనో చేరినవాళ్లు బార్ అసోసియేషన్ గదిలో కూర్చుని తమ కథ చెప్పరు.

ఇంతకన్నా పదునైన అభ్యంతరం ఈ ప్రాంతానిదే. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగి 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు, కొందరి శరీరాలు కూడా దొరకలేదు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టుకు చేరిన కేసు, హైకోర్టు మీదుగా గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లి, 2017లో గానీ తీర్పు చూడలేదు. డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్లు, నక్కవాగు ఒడ్డు రైతులు పాతికేళ్లకు పైగా ఆ ఫైలు వెంట నడిచారు. ఇలాంటి చోట వకీలు విశ్రాంతి గురించి రాయడం సుఖజీవుల ముచ్చటలా వినిపిస్తే తప్పు పట్టలేం. కానీ నష్టం ఎటు ప్రవహిస్తుందో చూడాలి. చెక్కు వెనక్కి వచ్చాక 30 రోజుల్లో నోటీసు పోవాలి, దానికి 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలో ఫిర్యాదు. రిమాండ్ ఖైదీ విషయంలో 60 లేదా 90 రోజులకు చార్జిషీటు రాకపోతే ఆ వెంటనే బెయిల్ అడగాలి. ఒక్కరోజు ఆలస్యమై ఆలోపు చార్జిషీటు పడితే హక్కు పోతుంది. అలసిన వకీలు తేదీ మరిచిపోతే జైల్లో ఇంకొన్ని నెలలు గడిపేది కార్మికుడు. ఇక 27 ఏళ్లు నడిచే కేసును ఏ ఒక్క వకీలూ ఒంటిచేత్తో లాగలేడు. అది మనిషి నుంచి మనిషికి ఫైలుతో పాటు జ్ఞాపకమూ చేతులు మారాల్సిన పని. ఒంటరి ప్రాక్టీసులో ఆ మార్పిడికి చోటే లేదు. వకీలు ఆరోగ్యం కక్షిదారు ప్రయోజనానికి ఎదురు నిలిచేది కాదు, ఈ బెల్టులో రెండూ ఒకే దారంతో కట్టి ఉన్నాయి.

కంపెనీ రిటైనర్ తీసుకుంటే సరి, నెలకింత వస్తుంది, ఆదివారం ఖాళీ అని చెప్పేవారున్నారు. కొందరికి అది నిజంగానే పనికొచ్చే దారి, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ అదే కంపెనీ గేటు ముందు గాయపడ్డ మనిషి తలుపు తట్టినప్పుడు కాదనాల్సి వస్తుంది. బీమా కంపెనీ ప్యానెల్, బ్యాంకు ప్యానెల్ కూడా అంతే. సమయం దొరుకుతుంది, ఎంపిక పోతుంది.

మందు సమష్టిగానే ఉండాలన్నది ఇప్పటిదాకా చూసిన సాక్ష్యం తేల్చే మాట. సమష్టి అనగానే బహిష్కరణ గుర్తొస్తుంది. డెహ్రాడూన్, హరిద్వార్, ఉధంసింగ్ నగర్ జిల్లాల్లో వకీళ్లు 35 ఏళ్లుగా ప్రతి శనివారం కోర్టులు బహిష్కరిస్తూ వచ్చారు. అది చట్టవిరుద్ధమని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. ఆ దారి మూసుకుంది, మూసుకోవడమే మంచిది, కక్షిదారు కడుపు కొట్టి తీసుకునే సెలవు అది. వేసవి సెలవులున్నాయిగా అన్న మాట కూడా నిలవదు. మే నెలలో సివిల్ కోర్టులు మూతపడినా రిమాండ్లు, బెయిళ్లు ఆగవు. పనికొచ్చే నమూనా ఒకటి మన కళ్ల ముందే ఉంది. 2022లో జాతీయ న్యాయసేవల సంస్థ తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతిలో, చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్లు నెలజీతం మీద ఒక ఆఫీసుగా పనిచేస్తారు. ఒకరు రాకపోతే ఫైలు ఇంకొకరు చూస్తారు. ఆ జీతాలు చాలవన్న విమర్శ సరైనదే. అయినా ‘ఈ రోజు నేను లేను’ అని చెప్పగల హక్కు ఆ ఆఫీసులో ఉంది. ప్రైవేటు ప్రాక్టీసులో కూడా నలుగురు వకీళ్లు ఒకే గుమాస్తా, ఒకే డైరీ, ఒకే ఫీజు పుస్తకం పెట్టుకుని భాగస్వామ్యంగా పనిచేయడాన్ని ఏ నియమమూ ఆపడం లేదు. ఆపుతున్నది క్లయింట్ చేజారుతాడన్న భయం. ఈ-కోర్టుల మూడో దశకు కేంద్రం 2023లో 7,210 కోట్లు కేటాయించింది. వాదనలకు పొద్దున, మధ్యాహ్నం అని వేళ చెప్పి, చిన్న దరఖాస్తులు ఆన్‌లైన్‌లో విని పంపేస్తే, వకీళ్ల ఆరోగ్యానికి అంతకన్నా పెద్ద ఖర్చు అక్కర్లేదు.

సంగారెడ్డి న్యాయవాదులకు ఒక విన్నపం. బార్ ఎన్నికలప్పుడు ఓటు అడగడానికి వచ్చేవారు కొత్త కుర్చీల గురించి, పార్కింగ్ గురించి చెబుతారు. వారిని రెండు సంగతులు అడగండి. కాన్పుకో ఆపరేషన్‌కో వెళ్లిన సభ్యుల కేసులు ఆ నెలల్లో నడపడానికి వంతుల పట్టిక వేస్తారా? వాదనలకు వేళ కేటాయించాలని జిల్లా జడ్జి దగ్గరికి బార్ తరఫున రాతపూర్వకంగా వెళతారా? ఔనన్నవారికే ఓటు వేయండి.